అరిగిన అమ్మ అద్దం

ముందు పిల్లల ముక్కులు తుడిచాడు అద్దాలాయన.

నిన్న సాయంత్రం కరెంటు పోవడంతో ఎక్కడి మరకలు అక్కడే ఉండిపోయాయి. అద్దానికి నడుమెత్తులో ఈ చివర నుంచి ఆ చివరదాకా బుల్లిబుల్లి ముక్కులు, ఒక్కో ముక్కు కింద రెండేసి ఆవిరి చుక్కలు. ఏదో బడి పిల్లలు. వాళ్ళకి దేవుడూ పట్టడు, దెయ్యమూ పట్టదు, అద్దం కనపడితే చాలు ముక్కు ఆనించి తీరాలి. "ముక్కుపచ్చలారని వెధవలు" అని ముద్దుగా తిట్టుకుంటూ తడిగుడ్డ ఒకసారి, పొడిగుడ్డ ఒకసారి పైనుంచి కిందికి లాగాడు. గుండ్రంగా తిప్పి తుడిచేవాళ్ళంటే అతనికి ఒళ్ళుమంట. అలా తుడిస్తే మరక పోదు, ఊరేగుతుంది.

పిల్లల వరస అయ్యాక పెద్దవాళ్ళ వరస. అరచేతులు, వేళ్ళు, పెదవులు, అన్నిటికన్నా ఎక్కువగా నుదుళ్ళు. తలకి నూనె రాసుకునేవాళ్ళ నుదురు ఒక పట్టాన గుడ్డకి లొంగదు. ఏడ్చినవాళ్ళ మరక ఎండాక అంచు తెల్లగా తేలుతుంది. ఇదేదీ ఎదురుగా నిలబడితే కనపడదు. పక్కకి వచ్చి, తల వాల్చి, కిటికీ వెలుతురు అద్దం మీద జారుతుండగా చూడాలి. అలా చూసీ చూసీ అతని మెడ కాస్త కుడివైపుకి వాలిపోయింది. ఇంట్లో అన్నానికి కూర్చున్నా కంచం వైపు అలాగే చూస్తాడు.

అది మతాల చరిత్ర మ్యూజియం. ఆ వీధి వీధంతా అలాంటివే. మూలమీద గంటలూ దీపాలూ పెట్టినది ఒకటి, దాని పక్కన పాత గ్రంథాలది ఒకటి, చివరికి ఇది. ఏ కాలంలోనో ఏ జనమో మొక్కిన బొమ్మలూ, పటాలూ, చెక్కడాల తలుపులూ, పూజారుల అంగీలూ అన్నీ ఇక్కడ అద్దాల వెనక ఉన్నాయి. పై అంతస్తులో చివరి హాలు మాత్రం ఒక్కరికే ఇచ్చేశారు. నిలువెత్తు అద్దాల వెనక, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, నల్లచెక్కతో చేసిన ఒక తల్లి కూర్చుని ఉంటుంది. వందల ఏళ్ళపాటు జనం ఆ మొహాన్ని తడిమి తడిమి, ముద్దులు పెట్టి పెట్టి, ముక్కూ పెదవులూ అన్నీ అరగదీసేశారు. ఇప్పుడా మొహం ఏటి ఒడ్డున దొరికే గులకరాయిలా నున్నగా ఉంటుంది. ఆమెకి ఏదో పెద్ద పేరు బోర్డు మీద రాసి ఉంది కానీ మ్యూజియంలో అందరూ అరిగిన అమ్మ అనే అంటారు. ఇంకా అరిగిపోకుండా అద్దం పెట్టారు, అద్దం ఉంది కాబట్టి ఇతన్ని పెట్టారు.

అరిగింది ఆమె ఒక్కతే కాదు. నీళ్ళలో, స్పిరిట్టులో నానీ నానీ అద్దాలాయన వేళ్ళ మీద గీతలన్నీ పోయాయి. కింద గేటు దగ్గర హాజరుకి పెట్టిన వేలిముద్ర మిషను అతన్ని మనిషిగానే ఒప్పుకోదు. రోజూ బొటనవేలు పెట్టడం, అది కుయ్యిమని అరవడం, గేటు మనిషి నవ్వుతూ లోపలికి పంపడం మామూలే.

"అన్నా, ఇవాళైనా ఒప్పుకుందా ఆ మిషను?" అడిగింది కుర్చీరాణి.

ఆమె ఆ హాలు కాపలా మనిషి. పొద్దున్నుంచి సాయంత్రందాకా మూలనున్న చేతుల కుర్చీలో కూర్చుని "ముట్టుకోకండి, ఫ్లాషు వెయ్యకండి" అంటూ ఉంటుంది. ఆ కుర్చీలో ఇంకెవర్నీ కూర్చోనివ్వదు కాబట్టి ఆ పేరు పెట్టింది అద్దాలాయనే.

"ఎందుకొప్పుకుంటుంది? నేను పుట్టలేదంటుంది."

"పుట్టనివాడికి ఇవాళ వియ్యాలవారొస్తున్నారటగా!" అని పకపకా నవ్వింది కుర్చీరాణి. "తెల్ల చొక్కా తెచ్చుకున్నావా, ఆఫీసరుగారూ?"

అద్దాలాయన గుడ్డ కొంచెం గట్టిగా లాగాడు.

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. అద్దాలాయన భార్య అన్ని ఆడలేదు పాపం, ఒక్కటే ఆడింది. అమ్మాయి సంబంధం మాట్లాడడానికి వచ్చినప్పుడు వియ్యపురాలు కాబోయే ఆవిడ, "అన్నయ్యగారు ఏం చేస్తుంటారు?" అని అడిగింది. "మ్యూజియంలో ఆఫీసరండీ! దేవుళ్ళంతా ఆయన చేతికిందే ఉంటారు" అనేసింది ఈవిడ. ఆ సమయానికి అద్దాలాయన మంచినీళ్ళు తాగుతున్నాడు. పొలమారింది. అందరూ నెత్తిమీద తట్టారు, నిజం దగ్గులో కలిసిపోయింది.

వాళ్ళు వెళ్ళాక, "ఆఫీసరేమిటే?" అని నిలదీశాడు.

"పిల్ల పెళ్ళి కానివ్వండి, తర్వాత మీ ఇష్టం" అంది.

పెళ్ళయింది. అడిగితే, "కాపురం కుదుటపడనివ్వండి" అంది. కుదుటపడింది. అడిగితే, "ఆవిడ నోరు మీకు తెలీదు. తెలిస్తే మన పిల్లని మాటలతోనే పొడుస్తుంది" అంది. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు కానీ, మరీ అంతలా అతుక్కుపోతే ఊడదీయడం కష్టం.

ఇప్పుడు ఆ వియ్యపురాలు, వియ్యంకుడు, కోడలిని వెంటబెట్టుకుని ఊళ్ళో దిగారు. ఎవరో చుట్టాల పెళ్ళి. పనిలో పనిగా బావగారి మ్యూజియం చూస్తామన్నారు. పొద్దున్నే ఇంటావిడ అతని సంచిలోంచి తడిగుడ్డ తీసేసుకుంది.

"మీకు దణ్ణం పెడతానండీ. ఈ ఒక్కరోజు మధ్యాహ్నం దాటాక గుడ్డ పట్టుకోకండి. ఇస్త్రీ చొక్కా వేసుకుని చేతులు వెనక్కి కట్టుకుని నిలబడండి, చాలు. పిల్ల ముఖం చూసైనా!"

"నేనేమైనా దొంగతనం చేస్తున్నానా, దాచుకోడానికి?"

"కాదనలేదుగా. కానీ ఏది తుడిచినా ఆవిడకి ఒకటే లెక్క, పనివాడే."

పిల్ల ముఖం అడ్డొచ్చింది. సరేనన్నాడు. కానీ నిజంగా ఒప్పుకున్నది నోరు మాత్రమే, లోపల ఎక్కడో మండుతూనే ఉంది. పిల్లని చదివించింది, పెళ్ళి చేసింది, ఇంటిమీద కప్పు నిలబెట్టింది ఈ గుడ్డే. అన్నిటికీ పనికొచ్చిన గుడ్డ వియ్యాలవారి ముందుకి పనికిరాకుండా పోయిందా అని బస్సులో వస్తున్నంతసేపూ మథనపడ్డాడు. లాకర్లో ఇంకో తడిగుడ్డ ఉంది కాబట్టి పొద్దుటి పని ఆగలేదు.

అద్దం పూర్తయింది. పక్కకొచ్చి, తల వాల్చి చూశాడు. ఏమీ లేదు. అమ్మకీ అతనికీ మధ్య గాలి తప్ప ఏమీ లేదనిపించేలా ఉంది. ఈ ఒక్క క్షణం కోసమే రోజూ రావడం. మ్యూజియం తలుపులు తీశాక ఎంతోసేపు నిలవదు ఆ శుభ్రం, వచ్చిన మొదటి మనిషే తెచ్చి నుదురు ఆనిస్తాడు. అయినా అద్దాలాయనకి కోపం రాదు. శుభ్రంగా ఉంది కాబట్టే దగ్గరికొచ్చారు అనుకుంటాడు.

"అన్నా, నాకో సందేహం" అంది కుర్చీరాణి. "ఆ మతం, ఈ మతం, అసలే మతం లేనివాళ్ళు కూడా వచ్చి ఆ అద్దానికి నుదురానించి పోతారు. ఇన్నేళ్ళలో నువ్వొక్కసారైనా ఆనించావా?"

"భలేదానివే! నేనానిస్తే తుడిచేదెవరు?"

ఆమె మళ్ళీ పకపకా నవ్వింది.

మధ్యాహ్నం లాకరు గదిలో తెల్ల చొక్కా వేసుకున్నాడు. కాలరు మెడని కోస్తోంది. మెట్లెక్కుతుంటే ఆయాసం వచ్చి మధ్యలో ఆగాల్సి వచ్చింది, చొక్కా బిగుతని సర్దిచెప్పుకున్నాడు. పొద్దున్నుంచి ఎడమ భుజం లాగుతోంది. తుడిచేది కుడిచేత్తో, నొప్పి ఎడమ భుజానికి. లోకం తీరే అంత, చాకిరీ ఒకళ్ళది, మూలుగు ఇంకొకళ్ళది అని నవ్వుకున్నాడు.

సరిగ్గా ఆ వేళకే బస్సుల్లో యాత్రికులు దిగారు. ముసలీ ముతకా, పిల్లా జెల్లా. హాలంతా చెప్పుల చప్పుడు. వరసకట్టి ఒక్కొక్కళ్ళే అమ్మ ముందుకి రావడం, అద్దానికి చేతులు, నుదురు, పెదవులు ఆనించడం, తల్లీ అనో ఇంకేదో అనో గొణగడం. వాళ్ళు పోయేసరికి అద్దం మీద పొగమంచు పట్టినట్టయింది. అమ్మ మొహం మసకమసకగా లోపలెక్కడో ఉంది. అద్దాలాయన కుడిచెయ్యి దానంతటదే ప్యాంటు జేబులోకి పోయింది. జేబులో పొడిగుడ్డ ఉంది. ఇంటావిడ లాక్కున్నది తడిగుడ్డ ఒక్కటే, ఆవిడకి రెండో గుడ్డ సంగతి తెలీదు.

"అన్నా, మాటిచ్చావు" అని గుర్తు చేసింది కుర్చీరాణి.

చెయ్యి బయటికి తీశాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. అద్దం వైపు చూడకూడదని గోడవైపు తిరిగాడు, గోడవైపు తిరిగినా మెడ అటే వాలుతోంది. కుడితిలో పడ్డ ఎలుకలా ఈ గోడ నుంచి ఆ గోడకి తిరిగాడు. అంతలోనే మెట్ల మీద వియ్యపురాలి గొంతు వినిపించింది.

"ఇంకెన్ని మెట్లు వదినగారూ? దేవుళ్ళు పైనుంటారని వినడమే కానీ మరీ ఇంత పైనా!"

ముందు వియ్యపురాలు వచ్చింది. భారీ మనిషి, చకచకా నడుస్తుంది, ఎక్కడికెళ్ళినా అది తన ఇల్లే అన్నట్టు చూస్తుంది. ఆవిడ వెనక అద్దాలాయన భార్య, ముఖాన నెత్తురు చుక్క లేదు. ఆ వెనక అమ్మాయి. అందరికన్నా వెనక వియ్యంకుడు, ఒక్కో కాలూ ఈడ్చుకుంటూ. ఆయనకి వాళ్ళ ఊళ్ళో కళ్ళజోళ్ళ కొట్టుంది.

"బావగారూ, మీ వీధికో నమస్కారం!" అన్నాడు వియ్యంకుడు. "పొద్దున్నుంచి గంటలు చూశాం, గ్రంథాలు చూశాం. ఇప్పుడొక కుర్చీ చూపించండి, దానికే మొక్కుకుంటా."

కుర్చీరాణి లేచి నిలబడింది. లేచి, తన కుర్చీని ఆయన వైపు జరిపింది. అద్దాలాయన నోరు తెరిచాడు. ఇన్నేళ్ళలో డైరెక్టరుకి కూడా దక్కని మర్యాద అది.

"రండి చెల్లెమ్మా, రండి" అన్నాడు వియ్యపురాలితో. చేతులు వెనక్కే ఉన్నాయి.

"ఏదీ మీ అరిగిన అమ్మ? మా కోడలు ఒకటే చెప్తుంది ఆవిడ గురించి. చిన్నప్పుడు ఈ హాల్లోనే ఆడుకునేదట" అంటూ వియ్యపురాలు సూటిగా అద్దం దగ్గరికి వెళ్ళింది. ఇటు వంగింది, అటు వంగింది. కళ్ళు చికిలించింది. కొంగుతో అద్దాన్ని ఒకసారి రుద్దింది, గుండ్రంగా. అద్దాలాయన పళ్ళు బిగపట్టాడు.

"ఏమీ కనపడి చావడం లేదు! ఎంతమంది చేతులో ఏమో, జిడ్డు. ఇంత పెద్ద మ్యూజియం పెట్టుకుని ఈ అద్దం తుడిచే దిక్కు లేదా అన్నయ్యగారూ? తుడిచేవాడు ఎవడో కానీ, జీతం దండగ. మీరు ఆఫీసరు కదా, నాలుగు చీవాట్లు పెట్టకపోయారా?"

అద్దాలాయన భార్య కళ్ళతోనే వద్దని బతిమాలింది. అమ్మాయి తల వంచుకుంది. అతనికి ఆ రెండూ కనపడ్డాయి. ఆఫీసరు కాదని తేలితే తేలింది అని ఊరుకోగలడేమో, తిట్టినా పడగలడేమో. కానీ తుడిచే దిక్కు లేదన్న మాట మాత్రం గొంతు దిగలేదు. ఇంతకాలం ఎవరూ అనని మాట అది. అనిపించుకోకుండా ఉండడానికే కదా వేళ్ళు అరగదీసుకున్నది. ఆ మాట నిజంగా నిజమై అద్దం మీద కనపడుతోంటే, చేతులు కట్టుకుని నిలబడ్డది తనే.

జేబులోంచి పొడిగుడ్డ తీశాడు.

"ఉన్నాడమ్మా" అన్నాడు. "ఆ దిక్కు నేనే. ఈ మ్యూజియంలో అద్దాలు తుడిచేది నేను. ఆఫీసర్ని కాదు, ఎప్పుడూ కాను. ఇవాళ తుడవలేదు, అది నా తప్పు. కాస్త పక్కకి జరగండి."

తడిగుడ్డ చేతిలో లేదు. మొండి మరకలకి చేసే పనే అద్దం మొత్తానికీ చెయ్యాలి. దగ్గరికెళ్ళి నోరు తెరిచి 'హా' అని ఊదాడు. ఆవిరి పట్టినంత మేర గుడ్డ పైనుంచి కిందికి లాగాడు. మళ్ళీ ఊదాడు, మళ్ళీ లాగాడు. ఊపిరి అందక ఆగి, మళ్ళీ ఊదాడు. తెల్ల చొక్కా వీపున చెమటకి అతుక్కుపోయింది. కళ్ళజోళ్ళ వియ్యంకుడు కుర్చీలోంచి ముందుకి వంగి కన్నార్పకుండా ఆ చేతినే చూస్తున్నాడు.

"మరి ఆఫీసరన్నారు?" అంది వియ్యపురాలు కాసేపటికి. గొంతులో కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువుంది. కోడలి వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

అమ్మాయి తలెత్తింది. "తెలుసత్తయ్యా. నాన్న చేతుల్లో స్పిరిట్టు వాసన చూస్తూనే పెరిగాను. మీకెప్పుడో చెప్పాల్సింది. అమ్మ వద్దంటే ఊరుకున్నాను కానీ, నాకెప్పుడూ నామోషీగా లేదు."

ఆ చివరి మాట విన్నాక అద్దాలాయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు, గుడ్డ అద్దానిది కదా. కింది అంచుదాకా లాగి, పక్కకొచ్చి, తల వాల్చి చూశాడు.

"ఇప్పుడు చూడండమ్మా."

వియ్యపురాలు ముందుకొచ్చింది. చూసింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. ఆ నున్నటి మొహంలో ఎవరు కనిపించారో ఏమో, గబగబా రెండడుగులు వేసింది, తల ముందుకి చాపుతూ. ఠంగుమని తల అద్దానికి కొట్టుకుంది.

"అమ్మో! అద్దం తీసేశారనుకున్నా!"

కుర్చీరాణి ఆపుకోలేక నవ్వేసింది. అమ్మాయి నవ్వింది. వియ్యపురాలు నుదురు రుద్దుకుంటూ ఒక్క క్షణం కోపంగా చూసి, తను కూడా పొట్ట కదిలేలా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు మూసుకుని ఈసారి మెల్లగా, కావాలనే, నుదురు అద్దానికి ఆనించింది. చాలాసేపు అలాగే ఉంది. వెనక్కి జరిగాక నొచ్చుకుంది.

"అన్నయ్యగారూ, మరక పడింది."

"పడనివ్వండమ్మా" అన్నాడు అద్దాలాయన. "దానికేగా నేనున్నది."

అప్పుడు వియ్యంకుడు కుర్చీలోంచి లేచాడు. తన కళ్ళజోడు తీసి రెండు చేతులతో అతని ముందుకి చాపాడు. అద్దాలాయన భార్యకి ప్రాణం చివుక్కుమంది, ఎగతాళి చేస్తున్నాడనుకుంది.

"బావగారూ, ముప్ఫై ఏళ్ళుగా కళ్ళజోళ్ళు అమ్ముతున్నాను. ఇలా తుడిచే చెయ్యి చూడలేదు. ఇదొక్కటి తుడిచిపెట్టండి. ఊరికెళ్ళి కొట్లో అందరికీ చూపించుకుంటా."

అద్దాలాయన కళ్ళజోడు అందుకున్నాడు. ఒకసారి ఊది, గుడ్డ మడతలో పెట్టి, రెండు వేళ్ళతో లాగి, వెలుతురుకి పట్టి చూసి ఇచ్చాడు. వియ్యంకుడు పెట్టుకుని హాలంతా కలయజూశాడు. "ఇంతకాలం కళ్ళజోళ్ళన్నీ మసకలోనే అమ్మానన్నమాట!" అన్నాడు.

ఆ తర్వాత వియ్యపురాలు అక్కణ్ణుంచి ఒక పట్టాన కదల్లేదు. వచ్చిన ప్రతివాళ్ళకీ ఎదురెళ్ళింది. "జాగ్రత్తండోయ్, అద్దముంది, తల తగులుతుంది. కనపడదు. మా వియ్యంకుడుగారే తుడిచేది!" ముక్కూ మొహం తెలియని వాళ్ళకి కూడా ఆ చివరి మాట నొక్కి మరీ చెప్పింది. కుర్చీరాణి ఉద్యోగం సగం ఆవిడే చేసేసింది. మూల నిలబడ్డ అద్దాలాయన భార్య ఆ మాట మొదటిసారి విని నమ్మలేదు, రెండోసారి విని కొంగు సర్దుకుంది, మూడోసారికి ముందుకొచ్చి వియ్యపురాలి పక్కన నిలబడింది.

వెళ్ళేటప్పుడు భార్య అందర్నీ మెట్ల దాకా పోనిచ్చి వెనక్కి వచ్చింది. చేతిసంచి తెరిచి, పొద్దున లాక్కున్న తడిగుడ్డ తీసింది. ఉతికి, ఇస్త్రీ చేసి, నాలుగు మడతలు పెట్టి ఉంది.

"గుడ్డకి ఇస్త్రీ ఏమిటే, పిచ్చిమొహమా?"

"చేత్తో పట్టుకునే ఉన్నా, ఏం చెయ్యాలో తోచక చేశాను" అని అతని కాలరు గుండీ విప్పింది. "బిగుతుగా ఉన్నట్టుంది, మొహం పాలిపోయింది. పెందరాళే వచ్చేయండి. అందరం కలిసి భోంచేద్దాం."

"వెళ్తూ వెళ్తూ అందరికీ చెప్పకు, మా ఆయన అద్దాలకి ఆఫీసరని!"

"చెప్తాను, ఏం చేస్తారు?" అని నవ్వుతూ మెట్లు దిగింది.

సాయంత్రం గంట కొట్టారు. జనం ఖాళీ అయ్యారు. అద్దాలాయన లాకరు నుంచి చిన్న బకెట్టు తెచ్చి, ఇస్త్రీ మడతలు విప్పి గుడ్డ తడిపాడు. పైనుంచి కిందికి, పైనుంచి కిందికి. ఇవాళ చెయ్యి బరువుగా ఉంది కానీ మనసు దూదిపింజెలా ఉంది. వియ్యపురాలి నుదుటి మరక వెడల్పుగా, ధీమాగా, ఆవిడలాగే ఉంది. దాన్ని చివరికి ఉంచుకుని తుడిచాడు. ఎంత బాగా బతికాం అనిపించింది అతనికి. పెద్ద పెద్ద మాటలేవీ తోచలేదు, అదొక్కటే తోచింది. ఎంత బాగా బతికాం.

"కిటికీలు వేసొస్తానన్నా" అని కుర్చీరాణి పక్క హాల్లోకి వెళ్ళింది.

రెండు గుడ్డలూ పిండి, మడిచి, కుర్చీ చేతిమీద ఆరేశాడు. పక్కకొచ్చి తల వాల్చి చూశాడు. గాలి తప్ప ఏమీ లేదు. అప్పుడు ఏమనిపించిందో, ఎదురుగా వచ్చాడు. చేతులు కిందే ఉంచి, ముందుకి వంగి, నుదురు అద్దానికి ఆనించాడు.

చల్లగా ఉంది. ఇంత చల్లగా ఉంటుందని అతనికి తెలీదు. గుడ్డ చాటున వేళ్ళకి తెలిసింది వేరు. అవతల, బెత్తెడు దూరంలో, ఆ అరిగిన మొహం. ఇన్నేళ్ళూ మరకలనే చూశాడు కానీ ఆమెని ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఊపిరికి అద్దం మీద ఆవిరి పట్టింది, విడిపోయింది, మళ్ళీ పట్టింది.

వెనక్కి జరిగి చూసుకున్నాడు. మరక. నవ్వొచ్చింది. తుడుద్దామని గుడ్డ కోసం కుర్చీ వైపు తిరిగాడు. ఎడమ భుజం నొప్పి ఛాతీలోకి దిగింది, కాళ్ళు ఆగిపోయాయి. కాసేపు కూర్చుని తుడుద్దాంలే అనుకున్నాడు.

కుర్చీరాణి తిరిగొచ్చేసరికి అతను ఆమె కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు, మెడ కుడివైపుకి వాల్చి, అద్దం వైపు చూస్తున్నట్టే.

"ఏమన్నా, సందు దొరికిందని నా సింహాసనం ఎక్కావా?" అంది. జవాబు రాలేదు. దగ్గరికొచ్చి భుజం తట్టింది. మళ్ళీ తట్టింది. ఆ తర్వాత ఆమె అరుపు కింద గేటుదాకా వినిపించింది.

జరగాల్సినవన్నీ జరిగాయి. డైరెక్టరు ఆ ఒక్క హాలు మూసి ఉంచమన్నాడు. మళ్ళీ తెరిచే రోజు పొద్దున్నే, తలుపులు తియ్యకముందే, అతని లాకరు సామాను తీసుకోడానికి భార్య వచ్చింది. వెంట అమ్మాయి, వియ్యపురాలు ఉన్నారు. వియ్యాలవారు ఇంకా ఊరికి వెళ్ళలేదు.

కుర్చీరాణి కిటికీ తెర పక్కకి లాగింది. వెలుతురు అద్దం మీద అడ్డంగా జారింది. భార్య పక్కగా నిలబడి, ఎవరూ చెప్పకుండానే, తల వాల్చి చూసింది.

"ఇదెవరిది?"

"అన్నది" అంది కుర్చీరాణి. "చివరున్నది అన్నొక్కడే వదినా. ఆ తర్వాత ఈ అద్దం దగ్గరికి ఎవరూ రాలేదు. ఒక్కసారైనా ఆనించవేమన్నా అంటే, తుడిచేదెవరని అడిగేవాడు."

కుర్చీ చేతిమీద రెండు గుడ్డలూ బిరుసెక్కి అలాగే ఉన్నాయి. భార్య వాటిని చేతిలోకి తీసుకుంది. అమ్మాయి బకెట్టుతో నీళ్ళు తెచ్చింది. అన్ని రోజుల దుమ్ము, పైనుంచి కిందికి, తడిగుడ్డ ఒకసారి, పొడిగుడ్డ ఒకసారి. అలవాటు లేని చెయ్యి, చాలాసేపు పట్టింది. ఒకచోటికి వచ్చినప్పుడల్లా ఆ చెయ్యి ఆగింది, పక్కనుంచి దిగింది. మధ్యలో ఒకసారి, "ఉంచితే ఆయన ఒప్పుకోరేమో" అని ఏడ్చింది. "ఉండనివ్వండి వదినగారూ, నేను చెప్తాగా ఆయనకి" అంది వియ్యపురాలు, తనూ ఏడుస్తూ.

కింద గంట కొట్టారు. మెట్ల మీద బడి పిల్లల చెప్పుల చప్పుడు మొదలైంది. అమ్మ ముందు అద్దం అసలు లేనట్టే ఉంది, ఆ ఒక్క నుదుటి మేర తప్ప.